మఠం గుమ్మంలో అతిథి: బెనెడిక్టీన్ సన్న్యాసుల దినచర్య, ఆతిథ్యం

ఈజిప్టు ఎడారుల్లో ఒంటరి తపస్సుగా మొదలైన క్రైస్తవ సన్న్యాసం నాలుగో శతాబ్దంలో పకోమియస్ చేతుల్లో సామూహిక జీవనంగా మారి, మధ్యధరా సముద్రం దాటి ఇటలీకీ గాల్ దేశానికీ చేరిన వైనం గత భాగంలో వచ్చింది. ఆ సంప్రదాయం పశ్చిమ యూరప్ పల్లెపట్టుల్లో వేళ్లూనుకున్న తరువాత మఠంలో రోజు ఎలా గడిచేదో, ఆ మఠం తలుపు తట్టిన పరదేశికి ఏ మర్యాద జరిగేదో ఈ భాగంలోని విషయం. ఈ రెండూ ఒకదానితో ఒకటి పెనవేసుకున్నవే. లోకాన్ని విడిచినవారు అడవి అంచునో కొండ మీదనో ఏటి ఒడ్డునో ఇల్లు కట్టుకున్నారు. అయితే పూటకూళ్ల ఇళ్లు అరుదైన ఆనాటి దారుల్లో, ఊళ్లకు దూరంగా ఉన్నందువల్లనే, పొద్దుగూకిన బాటసారికి ఆ ఇల్లే దిక్కయింది. ఏకాంతం కోరినవారి గుమ్మంలోకి లోకం రోజూ నడిచి వచ్చేది. వచ్చినవారిని కాదనకుండా, తమ ప్రార్థనా నియమం చెడకుండా ఆ మఠాలు శతాబ్దాల పాటు చేసిన ఏర్పాట్లు యూరప్ ఆతిథ్య చరిత్రలో అతి విలువైన ఘట్టం.

ఆ ఏర్పాట్లకు మూలం పునీత బెనెడిక్ట్ రాసిన నియమావళి. మధ్య ఇటలీలోని నుర్సియాలో సుమారు 480లో పుట్టిన బెనెడిక్ట్, చదువుకోసం రోముకు వెళ్లి, అక్కడి తీరు గిట్టక సుబియాకో కొండగుహలో కొంతకాలం ఒంటరిగా గడిపి, 529 ప్రాంతంలో మోంటే కసీనో కొండమీద మఠం స్థాపించి, 547 ప్రాంతంలో అక్కడే కన్నుమూశాడు. ఆయన జీవితాన్ని గురించి తెలిసినదంతా దాదాపుగా పోప్ మహా గ్రెగరీ ఆ శతాబ్దం చివర రాసిన సంభాషణల గ్రంథం నుంచి వచ్చినదే. ముందుమాట కాక 73 అధ్యాయాలు గల ఆ నియమావళి చిన్న పుస్తకమే; దాని గొప్పతనం ఉన్నతాశయాల్లో కంటె వాటిని నిలబెట్టే చిన్న చిన్న ఏర్పాట్లలో ఉంది. దయగా ఉండమని చెప్పి ఊరుకోకుండా, ఆ దయ చూపవలసినవారు ఎవరు, ఏ వేళకు, ఏ చోట, ఏ సరుకుతో అన్నది తేల్చి చెప్పిన గ్రంథం అది. ఆతిథ్యాన్ని మంచి మనసుకు మాత్రమే వదిలేస్తే ఆ మనసు అలసిన రోజున తలుపు మూతపడుతుందని ఎరిగినవాడు రాసిన మాటలవి.

మఠంలో కాలం కొలిచే పద్ధతి వేరు. రోమన్ల లెక్క ప్రకారం సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పన్నెండు గంటలు, రాత్రికి మరో పన్నెండు; అందువల్ల పగటి గంట వేసవిలో సాగేది, శీతకాలంలో కుంచించుకుపోయేది. శీతకాలంలో రాత్రి ఎనిమిదో గంటకు, అంటే నేటి లెక్కలో ఇంచుమించు రెండు గంటల వేళకు, సన్న్యాసులు లేవాలి. అప్పటికి సగం రాత్రికి కాస్త పైగా నిద్రపోయి, తిన్నది అరిగి ఉంటుందన్నది బెనెడిక్ట్ చెప్పిన కారణం. ఆ వేళ జరిగేది జాగరణ ప్రార్థన. దాని తరువాత తెల్లవారుజామున ఒకటి, పగటి మొదటి, మూడో, ఆరో, తొమ్మిదో గంటలకు ఒక్కొక్కటి, సాయంకాలం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి చొప్పున రేయింబవళ్లలో ఎనిమిది సార్లు అందరూ గుడిలో కూడేవారు. బైబిలులోని 150 కీర్తనలు ఒక్క వారంలో పూర్తయ్యేటట్టు వాటిని పంచి పెట్టాడు బెనెడిక్ట్. ఎండ వానలు, కోతలు, జ్వరాలు ఏవి వచ్చినా ఆ చక్రం ఆగదు.

ఇంత కఠినమైన నియమంలోనూ మనిషి బలహీనతను ఎరిగిన తీరు అడుగడుగునా కనిపిస్తుంది. జాగరణ ప్రార్థన ఆరంభంలో వచ్చే కీర్తనను కావాలనే సాగదీసి నెమ్మదిగా పాడమంటాడు బెనెడిక్ట్, నిద్రమత్తు వదలనివారు ఆ లోపల వచ్చి అందుకోవడానికి. అప్పటికీ ఆలస్యమైనవాణ్ణి బయట నిలబెట్టవద్దని, అందరికీ కనిపించేటట్టు చివరి చోట నిలబెట్టమని చెబుతాడు; బయటే వదిలేస్తే మళ్లీ పోయి పడుకుంటాడనీ, లేకపోతే కబుర్లకు దిగుతాడనీ దానికి కారణం చూపుతాడు. శయనశాలలో తెల్లవార్లూ దీపం వెలగాలి, సన్న్యాసులు నడికట్టుతో సహా దుస్తులు ధరించే పడుకోవాలి, నిద్రలో గాయపడకుండా నడుముకు వేలాడే చాకును మాత్రం తీసి పక్కన పెట్టాలి. లేచిన వెంటనే గుడికి నడవడానికి సిద్ధంగా ఉండాలన్నదే దీని భావం.

ప్రార్థనల మధ్య వేళలను పనీ చదువూ పంచుకునేవి. సోమరితనం ఆత్మకు శత్రువన్నది నియమావళి దృష్టి గనుక 48వ అధ్యాయం ఋతువును బట్టి పని గంటలనూ చదువు గంటలనూ విడివిడిగా నిర్ణయించింది. బీదరికం వల్లనో ఆ చోటి అవసరం వల్లనో పంట తామే కోసుకోవలసి వస్తే సన్న్యాసులు చిన్నబుచ్చుకోకూడదు, సొంత చేతులతో బతికినప్పుడే వారు నిజమైన సన్న్యాసులు. శారీరక శ్రమ బానిసల వంతని తలచిన రోమన్ నాగరికత ఇంకా పూర్తిగా కనుమరుగు కాని రోజుల్లో, పండితుడూ పల్లెవాడూ ఒకే గడ్డపార పట్టాలన్న ఈ మాట ఎంత కొత్తదో గుర్తించాలి. ఈస్టరుకు ముందు వచ్చే నలభై దినాల తపస్సు కాలం మొదట్లో ఒక్కొక్కరికి గ్రంథాలయం నుంచి ఒక్కో పుస్తకం ఇచ్చేవారు. దానిని మొదటినుంచి చివరివరకు చదవాలి. ఒకరిద్దరు పెద్దలు చదువు వేళల్లో మఠమంతా తిరిగి, చదవక కూర్చున్నవారిని మందలించాలి.

సరుకులన్నీ కొఠారు అధికారి చేతిమీదుగా నడిచేవి. పనిముట్టును గానీ గిన్నెను గానీ పూజాపీఠం మీది పాత్ర అన్నంత భద్రంగా చూడాలని ఆయనకు ఆదేశం. అడిగినవారికి ఇవ్వడానికి వస్తువు లేనప్పుడు కనీసం మంచి మాటైనా ఇచ్చి పంపాలని మరో ఆదేశం. వంట వారం చొప్పున వంతులవారీగా అందరికీ వచ్చేది. వంతు పూర్తయినవాడు శనివారం నాడు తువ్వాళ్లు ఉతికి, కొత్తగా వంతు ఎత్తుకునేవాడితో కలిసి అందరి పాదాలు కడిగి, పాత్రలన్నీ శుభ్రం చేసి లెక్కగా అప్పగించేవాడు. భోజనానికి రెండు వండిన వంటకాలు. ఒకటి సరిపడనివారు రెండోది తినవచ్చునన్నది ఆ రెండింటికీ కారణం. పండ్లో లేత కూరలో దొరికితే మూడోది కూడా ఉండవచ్చు. మనిషికి రోజుకు ఒక పౌను రొట్టె, రాత్రి భోజనం కూడా ఉన్న రోజున అందులో మూడో వంతు దానికి దాచేవారు. నాలుగు కాళ్ల జంతువుల మాంసం బాగా నీరసించిన రోగులకు తప్ప మరెవరికీ లేదు. సుమారు పావు లీటరు ద్రాక్షసారాయి మాత్రం అనుమతించాడు. సన్న్యాసులకు అది తగదని తెలిసినా, తన కాలంవారిని అందుకు ఒప్పించడం సాధ్యం కాదు గనుక మితంగానైనా తాగమని ఒప్పుకున్నాడు. భోజనశాలలో ఎవరూ మాట్లాడకూడదు. ఒకడు గ్రంథం చదువుతుంటే మిగిలినవారు వింటూ, కావలసిన దానిని సైగతో అడిగి తీసుకుంటూ తినేవారు.

ఈ నిశ్శబ్దంలోకే అతిథి వచ్చేవాడు. నియమావళి 53వ అధ్యాయం అంతా అతని గురించే. పరదేశిగా వచ్చిన తనను చేర్చుకున్నవారిని గురించి మత్తయి సువార్తలో క్రీస్తు చెప్పిన బోధను ఆధారం చేసుకుని, వచ్చిన ప్రతి ఒక్కరినీ క్రీస్తుగానే ఎంచి స్వీకరించాలని బెనెడిక్ట్ నిర్ణయించాడు. అతిథి వచ్చాడని తెలియగానే మఠాధిపతో సహోదరులో ఎదురు వెళ్లాలి. ముందు కలిసి ప్రార్థన చేసి, ఆ తరువాతే శాంతి ముద్దు ఇచ్చుకోవాలి, ఎందుకంటే మారువేషంలో వచ్చిన దుష్టాత్మ మోసం చేయవచ్చునని ఆనాటి నమ్మకం. వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ తల వంచి గానీ నేల మీద సాష్టాంగపడి గానీ అతిథిలోని క్రీస్తుకు నమస్కరించాలి. తరువాత అతనికి కొంతసేపు దైవగ్రంథం చదివి వినిపించి, ఆపైన సకల మర్యాదలూ చేయాలి. మఠాధిపతి స్వయంగా అతని చేతుల మీద నీళ్లు పోయాలి, మఠాధిపతీ సహోదరులందరూ కలిసి అతని కాళ్లు కడగాలి. ముఖ్యమైన ఉపవాస దినాలు తప్ప మిగిలిన ఉపవాసాలను మఠాధిపతి అతిథి కోసం మానుకోవచ్చు. సహోదరులు మాత్రం మానకూడదు.

పేదలనూ యాత్రికులనూ ప్రత్యేకమైన శ్రద్ధతో చూడాలన్నది ఆ అధ్యాయానికి ప్రాణం వంటి వాక్యం. ధనవంతుడికి మర్యాద దానంతట అదే జరుగుతుందని, అతని మీద ఉండే భయమే దానిని జరిపిస్తుందని బెనెడిక్ట్ చెప్పిన కారణం ఎంత పదునైన లోకజ్ఞానమో తరువాతి శతాబ్దాల చరిత్ర రుజువు చేసింది.

అయితే వేళాపాళా లేకుండా వచ్చే అతిథుల వల్ల మఠం దినచర్య చెదిరిపోవడానికి వీలు లేదు. అందుకే మఠాధిపతికీ అతిథులకూ కలిపి వేరే వంటశాల ఉండాలని, దానికి ఇద్దరు సహోదరులను ఏడాది పాటు నియమించాలని, పని ఎక్కువైనప్పుడు వారికి సాయం ఇవ్వాలని, లేనప్పుడు వారిని ఇతర పనులకు పంపాలని ఏర్పాటు. వంతులవారీ వంట మఠానికి సరిపోతుంది గానీ అర్ధరాత్రి తడిసి వచ్చిన మనిషికి వంట చేయాలంటే చేయి తిరిగినవాడు కావాలి. ఏడాది నియామకం వెనక ఉన్న ఆలోచన అదే అనిపిస్తుంది. అతిథి గృహాన్ని దైవభీతి గల సహోదరుడికి అప్పగించి, అక్కడ చాలినన్ని పడకలు ఎప్పుడూ పరిచి ఉంచాలి. మిగిలిన సన్న్యాసులు అతిథులతో మాట్లాడకూడదు. ఎదురుపడితే వినయంగా నమస్కరించి, దీవెన అడిగి, మాట్లాడే అనుమతి లేదని చెప్పి సాగిపోవాలి. నేటి పాఠకుడికి ఇది ముభావంగా తోచవచ్చు గానీ, అతిథికి కావలసినది చూడడానికి వేరొకరు సిద్ధంగా ఉన్నచోట ఈ మౌనం నిరాదరణ కాదు.

66వ అధ్యాయంలోని ద్వారపాలకుడు నియమావళి అంతటిలో మనసుకు హత్తుకునే మనిషి. కబురు పుచ్చుకోవడం, కబురు చెప్పడం చేతనైన వివేకి, వయసు పైబడినందువల్ల ఇటూ అటూ తిరిగే కోరిక ఉడిగినవాడు ఆ పనికి తగినవాడు. అతని గది గుమ్మం పక్కనే ఉండాలి, వచ్చినవారికి బదులు పలికే మనిషి ఎప్పుడూ దొరకాలి. తలుపు చప్పుడైనా, బయటినుంచి బీదవాడి కేక వినిపించినా వెంటనే దేవునికి స్తోత్రం చెప్పి గానీ దీవెన అడిగి గానీ సాత్వికంగా, చురుకుగా పలకాలి. అవసరమైతే సాయానికి చిన్నవయసు సహోదరుణ్ణి ఇవ్వాలి.

పరదేశం నుంచి వచ్చిన సన్న్యాసి అతిథిగా ఉంటూ మఠంలోని లోపమేదైనా వినయంగా ఎత్తి చూపితే, దేవుడు అతణ్ణి ఆ పని మీదనే పంపించాడేమో మఠాధిపతి ఆలోచించాలని 61వ అధ్యాయం చెబుతుంది. తిండి పెట్టిన ఇంటిని తప్పుపట్టే హక్కు అతిథికి ఉందని ఒప్పుకున్న చట్టాలు చరిత్రలో అరుదు.

రెండున్నర శతాబ్దాలకు పైగా బెనెడిక్ట్ నియమావళి అనేక నియమావళుల్లో ఒకటిగానే ఉండేది. షార్లెమేన్ కుమారుడైన లూయీ చక్రవర్తి కాలంలో, అనియాన్ మఠాధిపతి అయిన మరో బెనెడిక్ట్ చొరవతో 816, 817 సంవత్సరాల్లో ఆఖెన్ నగరంలో జరిగిన సభలు సామ్రాజ్యంలోని మఠాలన్నిటికీ ఈ నియమావళినే ప్రమాణం చేశాయి. మూలప్రతికి దగ్గరగా ఉన్న ప్రతి కోసం రైఖనావ్ ద్వీప మఠానికి చెందిన ఇద్దరు సన్న్యాసులు చేసిన నకలు ఆధారంగా తయారైన ప్రతి నేటికీ స్విట్జర్లాండులోని సెయింట్ గాల్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. మఠాధిపతి గుమ్మం దగ్గర అతిథులతో విడిగా భోజనం చేయకూడదని, భోజనశాలలోనే వారిని ఆదరించాలని ఆఖెన్ సభ ఆదేశించడాన్ని బట్టి, అతిథి పేరున మఠాధిపతులు విందులకు అలవాటు పడుతున్నారన్న ఫిర్యాదు అప్పటికే ఉన్నట్టు ఊహించవచ్చు.

ఆ కాలపు మఠం రూపం కళ్లకు కట్టే అపురూపమైన ఆధారం అదే గ్రంథాలయంలో ఉంది. రైఖనావ్‌లో గీసి, 816 నుంచి 837 వరకు సెయింట్ గాల్ మఠాధిపతిగా ఉన్న గోట్స్‌బెర్ట్‌కు పంపిన ఆ పటం అయిదు తోలు ముక్కలను కుట్టి చేసినది. పొడవు సుమారు 112 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 77. ఎర్ర సిరా గీతలతో దాదాపు 40 కట్టడాలు, వాటిమీద 333 లాటిన్ వివరణలు అందులో ఉన్నాయి. పన్నెండో శతాబ్దం చివర ఎవరో దాని వెనక వైపున పునీత మార్టిన్ చరిత్ర రాసుకుని, పటాన్ని మడిచి పుస్తకం చేయడం వల్లనే అది దక్కింది. అందులో గీసినట్టుగా మఠాన్ని ఎన్నడూ కట్టలేదు. తొమ్మిదో శతాబ్దపు సన్న్యాసి మనసులో ఆదర్శ మఠం ఎలా ఉండేదో అది చూపుతుంది.

పటం నడుమ గుడి, దానికి దక్షిణాన క్లాయిస్టర్, అంటే తెలుగు పల్లెల్లోని మండువా లోగిలి మాదిరిగా నాలుగు వైపులా వసారాలు, మధ్య ఆకాశం కనిపించే చతురస్రపు ఆవరణ. చుట్టూ శయనశాల, భోజనశాల, కొఠారు. సన్న్యాసులది ఆ లోపలి లోకం. దాని చుట్టూ వైద్యుడి ఇల్లు, ఔషధాల తోట, 18 మళ్ల కూరగాయల తోట, కోళ్లకూ పెద్దబాతులకూ వేరు వేరు గుండ్రటి గూళ్లు, మరణించిన సహోదరుల సమాధుల మధ్య పండ్ల చెట్లు ఉన్నాయి. అతిథుల విషయానికి వస్తే గుడి పడమటి వాకిలి చుట్టుపక్కలా ఉత్తరానా వారి బసలు. గుడి పడమటి వాకిలికి ఉత్తరాన గొప్ప అతిథుల ఇల్లు, దక్షిణాన పేదల, యాత్రికుల సత్రం, గుడి ఉత్తరపు గోడను ఆనుకుని ఇతర మఠాల నుంచి వచ్చిన సన్న్యాసుల బస, దానితో పాటు ద్వారపాలకుడి గది. గొప్పవారి ఇంట్లో మధ్యన నెగడు, పొయ్యితో వెచ్చగా ఉండే పడకగదులు, సేవకుల గదులు, గుర్రాలకు శాలలు. పేదల సత్రంలో చుట్టూ బల్లలున్న సావడి, పడక గది, సేవకులకు చోటు. రెండింటికీ వేరు వేరుగా వంట ఇల్లు, రొట్టెల బట్టీ, బీరు కాచే చోటు. ఒకే వంటశాల చాలునన్న బెనెడిక్ట్ మాట మూడు వందల ఏళ్లలో ఇంతగా పెరిగింది. అదే సమయంలో వచ్చినవారిని అంతస్తును బట్టి వేరు చేసే పద్ధతి గోడలెక్కింది. అయినా క్లాయిస్టర్ నుంచి బయటికి వచ్చే చోట ఉన్న చిన్న గది మీది రాత గమనించదగినది: అతిథులతో మాట్లాడడానికీ వారి కాళ్లు కడగడానికీ సన్న్యాసులు వచ్చే దారి అది. మర్యాదలో తేడాలు వచ్చినా ఆ నీళ్లకు చోటు వదిలిపెట్టలేదు.

పటం ఆదర్శమైతే, దాని వెనక సరుకు లెక్క ఎలా ఉండేదో ఫ్రాన్సు ఉత్తరాన సోమ్ నది మీది కోర్బీ మఠం నుంచి తెలుస్తుంది. అక్కడి మఠాధిపతి అదలార్డ్ షార్లెమేన్‌కు దాయాది. లూయీ కోపానికి గురై ప్రవాసంలో ఉండి తిరిగివచ్చిన తరువాత 822లో మఠం నిర్వహణకు ఆయన రాయించిన కట్టడల్లో పేదల సత్రానికి రోజూ ఇవ్వవలసిన రొట్టెల లెక్క ఉంది. కలగలుపు ధాన్యంతో చేసినవి, ఒక్కొక్కటి మూడున్నర పౌన్లు తూగేవి 45, మేలైన గోధుమవి 5, మొత్తం 50. రాత్రి బస చేసే పన్నెండుమంది పేదలకు తలా ఒక రొట్టె, మర్నాడు దారి బత్తెంగా తలా సగం. గోధుమ రొట్టెలు ప్రయాణంలో ఉన్న మతగురువులకూ రోగులకూ. మఠం ఆదాయంలో పదో వంతును గుమ్మం ఖర్చుకు కేటాయించడంతో, ఆ ముసలి ద్వారపాలకుడి పని క్రమంగా పెద్ద అధికారమై కూర్చుంది. సత్రం నిండిన రోజు కూడా పన్నెండో మనిషికి రొట్టె ఉంటుందన్న భరోసా ఆ పదో వంతు వల్లనే వచ్చింది.

ఆ రొట్టె ఎక్కడిదన్న ప్రశ్నను దాటిపోవడం న్యాయం కాదు. బెనెడిక్ట్ నాటి సన్న్యాసి సొంతంగా కోత కోసి ఉండవచ్చు గానీ, తొమ్మిదో శతాబ్దపు పెద్ద మఠాలు వందలాది ఊళ్లలో భూములున్న జమీందారులు. సెయింట్ గాల్ దస్తావేజుల్లో రైతులు ఏటా ఇవ్వవలసిన బీరు, రొట్టెలు, పంది పిల్ల, మఠం పొలంలో దున్నవలసిన రోజులు వరసగా నమోదై ఉన్నాయి. గుమ్మంలో పేదకు అందిన రొట్టె మరో పేద చేతి చెమట. ఆ ధాన్యాన్ని కోటలో ఉన్న సామంతుడు కూడా ఇలాగే రాబట్టేవాడు, అయితే అతని గుమ్మం దగ్గర పన్నెండుమంది లెక్క రాసిపెట్టి ఉండేది కాదు.

మఠం ఇచ్చినది తిండీ పడకా. అతిథుల నుంచి దానికి దక్కినది అంతకంటె ఎక్కువ కావచ్చు. తొమ్మిదో శతాబ్దం నడుమ ఐర్లండుకు చెందిన మార్కస్ అనే బిషప్, ఆయన మేనల్లుడు మోఎంగల్ రోము యాత్ర ముగించుకుని తిరుగు ప్రయాణంలో సెయింట్ గాల్‌లో బస చేసి, అక్కడి సన్న్యాసులు బతిమాలగా ఉండిపోయారు. ఆ మఠం చరిత్రను పదకొండో శతాబ్దంలో రాసిన నాలుగో ఎక్కెహార్డ్ చెప్పిన ప్రకారం, వెంట వచ్చిన పరివారం ఈ నిర్ణయానికి మండిపడగా, మార్కస్ తన డబ్బును కిటికీలోంచి మేనల్లుడి చేత వారికి పంచిపెట్టించి, గుర్రాలనూ కంచర గాడిదలనూ ఇచ్చివేసి, పుస్తకాలూ బంగారమూ పూజా వస్త్రాలూ మాత్రం మఠానికి ఉంచుకున్నాడు. మోఎంగల్ అక్కడ పాఠశాల గురువయ్యాడు. లాటిన్ స్తోత్ర రచనలో పేరుపొందిన నోట్కర్, చరిత్ర రాసిన రాట్‌పెర్ట్, శిల్పి, సంగీతకారుడు టూటిలో ఆయన శిష్యులే. ఒక్క రాత్రి పడక ఇచ్చినందుకు మఠం రెండు తరాల విద్యను పొందింది.

రాజులు కూడా వచ్చేవారు. 911 క్రిస్మస్ రోజుల్లో కొత్తగా ఎన్నికైన మొదటి కాన్‌రాడ్ రాజు సెయింట్ గాల్‌కు వచ్చి, పిల్లల క్రమశిక్షణ పరీక్షించడానికి వారు ఊరేగింపుగా నడిచే దారిలో గుడి నేల మీద ఆపిల్ పండ్లు వెదజల్లించాడని, అతి చిన్నవాడు కూడా వంగి చూడకపోవడంతో ఆశ్చర్యపోయి ఏటా మూడు ఆటవిడుపు దినాలు ఇప్పించాడని ఎక్కెహార్డే చెబుతాడు. పిల్లలకు అది పండుగే. కానీ రాజు వెంట వచ్చే పరివారాన్ని పోషించడం మఠానికి ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు.

910లో బుర్గుండీలో స్థాపితమైన క్లూనీ మఠంలో అతిథులను అంతస్తును బట్టి వేరు చేసే ఆ పద్ధతి మరింత స్థిరపడింది. గుర్రం మీద వచ్చినవారిని అతిథి సేవాధికారి, కాలినడకన వచ్చినవారిని దానాధికారి చూసుకునేవారు. దానాధికారి అంటే మఠం తరఫున పేదలకు అన్నవస్త్రాలు పంచే సన్న్యాసి. మనిషి గుర్రాన్ని బట్టి అధికారి మారడం బెనెడిక్ట్ ఆశయానికి దూరమే. ఆ దానాధికారి పనిలో కొన్నిచోట్ల కనిపించే సున్నితత్వం మాత్రం విస్మరించరానిది. కాంటర్బరీ ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ 1077 ప్రాంతంలో తన మఠానికి రాసిన కట్టడల్లో, దానాధికారి ఇద్దరు సేవకులతో ఊళ్లోకి వెళ్లి, లేవలేని రోగులు ఏ ఇళ్లలో ఉన్నారో కనుక్కుని, వారి దగ్గర కూర్చుని ఓదార్చి, ఏం కావాలో అడిగి పంపించాలని ఉంది. స్త్రీలు జబ్బుపడిన ఇంట్లోకి తాను వెళ్లకుండా సేవకుడి చేత సాయం పంపాలి. గుమ్మందాకా రాలేని మనిషి దగ్గరికి గుమ్మమే నడిచి వెళ్లింది.

1098లో సీతో దగ్గర మొదలైన సిస్టర్షియన్ సన్న్యాసులు నియమావళికి అక్షరాలా తిరిగి వెళ్లాలని కోరి, మనుషులు తొక్కని లోయల్లో మఠాలు కట్టారు. 1132లో యార్క్‌షైర్‌లో స్కెల్ ఏటి ఒడ్డున మొదలైన ఫౌంటెన్స్ మఠం వాటిలో ఒకటి. తొలి రోజుల కరువులో వారు ఎల్మ్ ఆకులు ఉడికించుకుని తిన్నారని, ఆ సమయంలో ఒక పరదేశి వచ్చి రొట్టె అడిగితే ద్వారపాలకుడు ఇంట్లో ఉన్నవి రెండున్నర రొట్టెలేనని, అవి పని నుంచి వచ్చే వడ్రంగులకు ఉంచినవని చెప్పాడని, మఠాధిపతి రిచర్డ్ అందులోంచి ఒకటి ఇప్పించాడని ఆ మఠం స్థాపన చరిత్ర చెబుతుంది. కాసేపటికే నేర్స్‌బరో కోట నుంచి రొట్టెల బండి వచ్చిందన్న ముగింపును విశ్వసించినా మానినా, ఆ మఠం తన గురించి తాను గుర్తుంచుకోదలచిన సంగతి ఏదో అది చెబుతుంది. ఆ తరువాత ఉన్ని వ్యాపారంతో సంపన్నమైన ఫౌంటెన్స్ 1160ల్లో రెండు అతిథి గృహాలు కట్టింది. రెండంతస్తులవి, ప్రతి అంతస్తులోనూ చలిపొయ్యి, మరుగుదొడ్డి ఉండేవి.

ఉచితంగా దొరికే ఆతిథ్యాన్ని దోచుకున్నది ప్రధానంగా గొప్పవారే. పరివారంతో, గుర్రాలతో, వేటకుక్కలతో దిగి రోజుల తరబడి కదలని ప్రభువుల వల్ల మఠాలు చితికిపోయి పేదలకు పెట్టవలసినది పెట్టలేకపోతున్నాయన్న గగ్గోలు చివరకు పార్లమెంటుకెక్కింది. మొదటి ఎడ్వర్డ్ కాలంలో 1275లో వచ్చిన వెస్ట్‌మిన్‌స్టర్ చట్టం తన మొదటి అధ్యాయంలోనే, తాము స్థాపించని మఠంలో పిలుపు లేకుండా దాని ఖర్చుతో తినడం, బస చేయడం నిషేధించింది. ధనవంతుణ్ణి చూసి భయపడకుండా పేదను ముందు చూడమని ఏడు శతాబ్దాల కిందట చెప్పిన మాటను నిలబెట్టడానికి రాజశాసనం అవసరమైంది.

ఎనిమిదో హెన్రీ ఇంగ్లండు మఠాలను రద్దు చేసినప్పుడు, 1536 చట్టం ఏడాదికి 200 పౌన్ల లోపు ఆదాయం గల మఠాలను రాజుకు స్వాధీనం చేస్తూనే, ఆ స్థలాలు పొందిన కొత్త యజమానులు అక్కడ అతిథి మర్యాద కొనసాగించాలని, మానితే నెలకు 6 పౌన్ల 13 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా కట్టాలని నిర్దేశించింది. ఆతిథ్యాన్ని చట్టం కోరింది గానీ దానికి ద్వారపాలకుణ్ణీ, వంటశాలనూ, పదో వంతునూ ఇవ్వలేదు. అదే ఏడాది ఉత్తర ఇంగ్లండులో మఠాల కోసం తిరుగుబాటు లేచింది. దానికి నాయకుడైన న్యాయవాది రాబర్ట్ ఆస్క్ బందీగా విచారణలో ఇచ్చిన జవాబుల్లో, కొండదారుల్లో ధాన్యం మోసుకుపోయే చిన్న వర్తకులకూ పరదేశులకూ మనిషితో పాటు గుర్రానికి కూడా మఠాలే ఆసరాగా ఉండేవని, ఇప్పుడు ఆ ప్రాంతాల్లో ఆ మర్యాద లేకుండా పోయిందని చెప్పాడు. 1537 జూలైలో ఆయనను యార్క్‌లో ఉరితీశారు. 1539లో ఫౌంటెన్స్ మఠం కూడా రాజు వశమైంది. పేదలను పోషించే బాధ్యతను చర్చి పరిధిలోని ఊరిమీద పన్ను రూపంలో మోపే ఎలిజబెత్ నాటి చట్టం పూర్తి రూపం దాల్చింది 1601లో; అప్పటికి మఠాలు పోయి ఆరు దశాబ్దాలు గడిచాయి.

ఇతర దేశాల్లో బెనెడిక్ట్ నియమావళి అమలు తెగిపోలేదు. బెల్జియం నుంచి వచ్చిన సిస్టర్షియన్ సన్న్యాసి ఫ్రాన్సిస్ మాహ్యూ, ఇంగ్లీషు బెనెడిక్టీన్ బీడ్ గ్రిఫిత్స్‌తో కలిసి 1958లో కేరళలోని వాగమన్ కొండల మీద స్థాపించిన కురిసుమల ఆశ్రమం ఆవుల పెంపకంతో తన పోషణ తాను చూసుకుంటూ, గుమ్మంలోకి వచ్చిన అతిథిని నేటికీ స్వీకరిస్తోంది.

తరువాయి భాగంలో మఠాల లేఖనశాలలు, గ్రంథాల నకలు పద్ధతులు వస్తాయి.